అడ్డువరుసను తీసేసిన టీచరు

నిడదవోలు రైల్వే గేటు దాటి పాతిక అడుగులు వేస్తే ఎరువుల కొట్టు మీద ఒక మేడగది ఉంటుంది. దాని బోర్డు మీద మూడు కాలాలు ఒకదాని మీద ఒకటి పెయింటు వేసుకుని కూర్చున్నాయి. అడుగున టైపు, షార్ట్‌హ్యాండు. దాని మీద డీటీపీ, జిరాక్సు. అన్నిటికన్నా పైన కంప్యూటర్ కోర్సులు. ఎండకి పైపొర పెచ్చులూడినప్పుడల్లా కిందది బయటికి తొంగి చూస్తుంది. పేరు మాత్రం మూడిటికీ ఒకటే: కె. తబిత.

తబితకి యాభై ఏడేళ్ళు. చదివింది ఇంటరు. టైపులో ఇంగ్లీషు హయ్యరు, తెలుగు హయ్యరు రెండూ ఫస్టు క్లాసు. అంతకు మించి ఆమె దగ్గర సర్టిఫికెట్లేమీ లేవు. అయినా బి.టెక్ పాసై ఇంటర్వ్యూలకి పోయే పిల్లలు ముందు రెండు నెలలు ఆ మెట్లెక్కి ప్రోగ్రామింగు మొదట్నుంచీ నేర్చుకుని పోతారు. కాలేజీ నాలుగేళ్ళు చెప్పి చెప్పలేకపోయినదాన్ని ఇంటరు మనిషి రెండు నెలల్లో చెబుతుంది. కాలేజీల గురించి ఇంతకన్నా మర్యాదగా రాయడం కుదరదు.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకండీ అని ఎవరైనా అడిగితే, "సాయంత్రం బ్యాచీ ఉండేదండి" అంటుంది. అది హాస్యమో నిజమో ఇంతవరకూ ఎవరికీ తేలలేదు.

ఆమెకి పడని మాట ఒకటే ఉంది. పాఠం అయ్యాక పిల్లలు తలూపుతూ "అర్థమైందండి" అంటారే, అది.

"ఏం అర్థమైందో చెప్పు నాన్నా."

"అదేనండి, మీరు చెప్పిందే."

"నేను చెప్పింది నాకు తెలుసు. నీకు అందింది ఏంటో చెప్పు."

అప్పుడు వాడు నీళ్ళు నముల్తూ ఏదో చెబుతాడు. తబిత కోప్పడదు. చెవి ఒగ్గి వింటుంది. ఎక్కడ దారి తప్పాడో చూసుకుని, అక్కడ తను ఏ మాట వాడిందో గుర్తు చేసుకుని, మర్నాడు ఆ మాట మార్చి చెబుతుంది. తప్పు పిల్లాడిది కాదు, మాటది అని ఆమె నమ్మకం. ముప్ఫై ఏళ్ళుగా ఆమె దిద్దుతూ వచ్చింది పిల్లల్ని కాదు, తన మాటల్ని.

అందుకే గణేష్‌బాబు ఆమె దగ్గరికి వచ్చాడు. అతను ఒకప్పుడు ఆ మేడగదిలోనే డీటీపీ నేర్చుకున్నవాడు. ఇప్పుడు రాజమండ్రిలో ఇంట్లో కూర్చుని ఏదో కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. ఖాళీ వేళల్లో ముగ్గురు స్నేహితుల్ని వేసుకుని పిల్లల కోసం ఒక ప్రోగ్రామింగు భాష తయారు చేశాడు. అంతా తెలుగులోనే రాసుకోవచ్చు. దాని పేరు పిచ్చుక. పిచ్చుక ఎగిరింది, వాలింది, అన్నీ చేసింది గానీ ఒక చోట కాలు విరిగి కూర్చుంది. ఒకే రకం సంగతుల్ని ఒకే పేరు కింద వరుసగా దాచుకునే ఏర్పాటు ఏ భాషలోనైనా ఉంటుంది. ఇంగ్లీషులో ఎర్రే అంటారు. దానికీ దాని చుట్టూ ఉన్న చుట్టాలకీ తెలుగులో ఏ పేర్లు పెట్టాలి?

గణేష్‌బాబు ఒక జాబితా తెచ్చాడు. శ్రేణి, సూచిక, పరిమాణం, అక్షం.

"ఇవెక్కడివి?" అంది తబిత.

"డిక్షనరీలోవి మేడం. మీ దగ్గర లేదా?"

"నా దగ్గర పిల్లలున్నారు."

ఆమె పద్ధతి చాలా మొరటుది. ఏ మాటైనా ముగ్గురి మీద పరీక్షించాలి. విడమరచి చెప్పకూడదు. ముగ్గురూ ఒకే జవాబు చెబితే ఆ మాట ఉంటుంది, లేకపోతే పోతుంది. పరిమాణం అనే మాట మొదటి రోజే పోయింది. కింద టీ కొట్టు నుంచి కోడిగుడ్ల అట్ట ఒకటి తెప్పించి బల్ల మీద పెట్టి, "దీని పరిమాణం ఎంత?" అని అడిగింది. ముప్ఫై అన్నాడు ఒకడు. రెండు అంది ఒకమ్మాయి, పొడవూ వెడల్పూ రెండున్నాయి కదా అని. అయిదు ఇంటూ ఆరు అన్నాడు మూడోవాడు.

"ముగ్గురూ కరెక్టే" అంది తబిత. "అందుకే ఆ మాట తప్పు."

అక్షం అంటే ఇద్దరు భూగోళం గురించి చెప్పారు, మూడోవాడు ఫ్యాను వైపు చూశాడు. అదీ పోయింది. వరుస, గడి, గడి నంబరు, ఆకారం నిలిచాయి. ఎక్కువ తగువు నంబరు దగ్గర పడింది. గడుల్ని సున్నా నుంచి లెక్కపెట్టాలంటాడు గణేష్‌బాబు, ప్రపంచమంతా అంతేనంటాడు.

"మా అమ్మమ్మ కళ్ళంలో ధాన్యం కొలిచేవాడు మొదటి కుంచాన్ని 'లాభం' అనేవాడు బాబూ, రెండోదాన్ని 'రెండు' అనేవాడు. మొదటిదాన్ని సున్నా అని ఉంటే కళ్ళం మీంచి తరిమేసేవాళ్ళు."

"అది ధాన్యం మేడం."

"నువ్వు రాసేది ఇక్కడి పిల్లలకేగా."

ఒకటి నుంచే మొదలైంది.

మిగిలింది పట్టిక. వరుసల మీద వరుసలు పేర్చితే పట్టిక. దానికి తబిత పెద్దగా ఆలోచించలేదు. అడ్డువరుస, నిలువువరుస అని లెక్కల పుస్తకంలోనే ఉన్నాయి, పిల్లలందరికీ తెలిసినవే. పైగా ముప్ఫై ఏళ్ళు టైపు మిషను ముందు కూర్చున్న మనిషి. కాగితం ఎక్కించాక ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి. ఆమెకి లోకం అలాగే టైపు కొట్టి ఉంది. మొత్తం జాబితాలో పరీక్ష లేకుండా నెగ్గిన మాటలు ఆ రెండే.

నలభై ఎనిమిది పేజీల గైడు తనే టైపు చేసింది. రెండు ఊళ్ళ బడుల్లో తొమ్మిదో తరగతి పిల్లలు దాన్ని చదవడం కూడా మొదలుపెట్టారు.

ఆ ఏడు దాళ్వాకి గోదాట్లో నీళ్ళు తక్కువ. దాళ్వా అంటే పూర్తిగా కాలువ నీళ్ళ మీద బతికే రెండో పంట. కాలువలకి వంతులవారీ పెట్టారు. ఆరు రోజులు నీళ్ళొస్తాయి, ఆరు రోజులు కట్టేస్తారు. నిడదవోలు పక్కన అలాంటి ఒక పిల్లకాలువని చూసే లస్కరు త్రిమూర్తులు. అతని కాలువకి ఆరు తూములు. ఏ రోజు ఏ తూము ఎన్ని గంటలు ఎత్తాలన్నది అతని జేబు పుస్తకంలో ఉంటుంది. అంకెలు తప్ప ఇంకేమీ ఉండవు. పైన పేర్లు లేవు, పక్కన పేర్లు లేవు. పాతికేళ్ళ నుంచీ అంతే. తనకి తెలుసు కదా.

కానీ రైతులు నమ్మడం మానేశారు. నీ కోడిగీతలు ఎవడికి తెలుసు, నీకు నచ్చినోడికి నీళ్ళిస్తున్నావు అంటున్నారు. ఒక రోజు పొద్దున్నే అతను మేడ మెట్లెక్కాడు.

"టీచరుగారండి, ఒక కాయితం కొట్టి పెట్టాలండి. అచ్చులో ఉంటే నోరెత్తరండి."

తబితకి సరదా పుట్టింది. ఆరు తూములు, ఆరు రోజులు, నికార్సయిన పట్టిక. పిచ్చుకలో కడితే వంతు మారినప్పుడల్లా కొత్త కాగితం అదే తీసి ఇస్తుంది. పుస్తకం తీసుకుని తెరిచి కంప్యూటర్ పక్కన నిలబెట్టుకుంది. త్రిమూర్తులు కిటికీ దగ్గర నిలబడి రైలు గేటు వేసి ఉందో తీశారో చూస్తున్నాడు, అవతల సైకిలు వదిలి వచ్చాడు.

"మొదటి అడ్డువరుస మొదటి తూముదేనాండీ?"

"అంతేగాండి మరి."

"నిలువువరుసలు రోజులు."

"ఆయ్. రోజులేనండి."

ఆమె టైపు చేసింది. పన్నెండు, పన్నెండు, ఆరు, సున్నా, సున్నా, సున్నా. అలా ఆరు వరుసలు. ప్రోగ్రాము ఎక్కడా కిక్కురుమనలేదు. కాగితం బయటికి వచ్చింది, పైన శీర్షికతో, పక్కన తూముల నంబర్లతో, అడుగున "తయారు చేసినది: కె. తబిత" అని. త్రిమూర్తులు చూశాడు. అంకెలన్నీ తన అంకెలే. పక్కనున్న ఒకట్లూ రెళ్ళూ చూడలేదు. ఎందుకు చూస్తాడు, తన పట్టిక తనకి కంఠతా వచ్చు. ఆరు జిరాక్సులు తీయించుకుని వెళ్ళిపోయాడు.

బుధవారం నీళ్ళొదిలారు. సరిగ్గా బుధ, గురువారాలు రెండు రోజులూ త్రిమూర్తుల్ని లాకుల దగ్గర పనికి వేశారు. అచ్చు కాగితం ఉంది కదా, చూసి ఎవరైనా ఎత్తచ్చు అని, పిల్లకాలువ మీదికి అబ్బులు అనే కొత్త మనిషిని పంపారు. అబ్బులు బుద్ధిమంతుడు. కాగితంలో ఏముందో అదే చేశాడు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. అరవై దాటిన మనిషి. చెప్పులు గుమ్మం బయట విడిచింది, కాళ్ళకి మాత్రం బురద లేదు. ఆ కాలంలో చేలో నుంచి వచ్చిన మనిషి కాళ్ళకి బురద లేకపోవడం ఏంటో తబితకి ఆ క్షణంలో తట్టలేదు.

"నీళ్ళ కాయితం కొట్టింది తవరేనాండి?"

"నేనేనండి. కూర్చోండి."

"కూచోడానికి రాలేదమ్మా. మహాలక్ష్మమ్మ అంటారు నన్ను. శివారున రెండెకరాలు కౌలుకి చేస్తన్నాను. నాకు చదువు రాదు. ఇందులో నాకేం రాశారో చదివి పెట్టండి."

శివారు అంటే కాలువ కొస. నీళ్ళు అందరి చేలూ దాటుకుని చివరికి చేరే చోటు. తబిత చదివింది. ఆరో తూము. సున్నా, సున్నా, సున్నా, సున్నా, రెండు, ఆరు.

"అంటే ఏటండి?"

"ఇవాళా రేపూ ఏమీ లేదండి. ఎల్లుండి రెండు గంటలు, ఆ మర్నాడు ఆరు గంటలు."

మహాలక్ష్మమ్మ కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది. "వంతు పెట్టినప్పుడు ముందు శివారుకి ఇస్తారమ్మా. ఎప్పుడూ అంతే. చివరికిస్తే కాలువ కట్టేసే వేళకి మాకు నురగే వస్తది. చేను పొట్ట మీదుంది. కడుపుతో ఉన్నదానికి అన్నం పెట్టకపోతే ఏమవుద్దో మీరు ఆడవారే, తెలీదా. ఈ తడి అందకపోతే అంతా తాలే. ఊక ఎత్తుకుని ఇంటికెళ్ళాలి" అంది.

తబిత ప్రోగ్రాము తెరిచింది. పై నుంచి కిందికి రెండుసార్లు చూసింది. ఆరు వరుసలు, ముప్ఫై ఆరు గడులు, పుస్తకంలో ఉన్న అంకెలు ఉన్నట్టే ఉన్నాయి.

"ప్రోగ్రాములో తప్పేమీ లేదండి" అంది.

అన్నాక ఆ మాట తన చెవికే తగిలింది. 'అర్థమైందండి' అనే పిల్లాడి గొంతు అచ్చం అలాగే ఉంటుంది. తొమ్మిదింటి బ్యాచీని పంపేసి, తలుపు గడియ పెట్టి, మహాలక్ష్మమ్మని ఎక్కించుకుని ఆటోలో పిల్లకాలువ మొదలయ్యే చోటికి, దాని తల దగ్గరికి బయల్దేరింది.

త్రిమూర్తులు అప్పుడే లాకుల నుంచి వచ్చి సైకిలు దిగుతున్నాడు. మొదటి తూము నిండా ఎత్తి ఉంది. నీళ్ళు బుసలు కొడుతూ పక్క చేలోకి పోతున్నాయి. అతను తూమునీ అబ్బులునీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"నువ్వెందుకు ఎత్తావురా దీన్ని?"

"కాయితంలో ఉందండి" అన్నాడు అబ్బులు.

"ఏమయ్యా త్రిమూర్తులూ, నీ కోడిగీతలే నయం కదయ్యా" అంది మహాలక్ష్మమ్మ వెనక నుంచి.

"ఉండక్కా, నువ్వు ఆగు. టీచరుగారండి, నా పుస్తకంలో ఇలా లేదండి."

తబిత వాదించలేదు. ఆమెకి ఒకటే విద్య వచ్చు, అదే చేసింది. "త్రిమూర్తులు గారూ, మీ పుస్తకం నాకివ్వద్దు. రోజూ మీరెలా చదువుకుంటారో అలా చదివి చెప్పండి" అంది.

అతను నాలుగడుగులు వేసి కాలువ తల మీద నిలబడ్డాడు. పెద్ద కాలువకి వీపు, పిల్లకాలువకి ముఖం. నీళ్ళు అతని కాళ్ళ దగ్గర మొదలై ఎదురుగా దూరంగా పోతున్నాయి. పుస్తకాన్ని అరచేతి మీద పళ్ళెంలా పరిచి పొట్ట ముందు పట్టుకున్నాడు. వేలు అన్నిటికన్నా అడుగు వరుస మీద పెట్టాడు.

"ఇది ఒకటో తూమండి. ఇదిగో, ఇదే, నా కాళ్ళ దగ్గరున్నది." వేలు ఒక్కో వరుసా పైకి జరిగింది. "రెండు. మూడు. తాడిచెట్ల దగ్గర నాలుగు. అయిదు. ఆ పైన, ఆ కొసన కనపడతందే, అది శివారండి."

పై వరుసలో పన్నెండు, పన్నెండు, ఆరు ఉన్నాయి. శివారుకి ముప్ఫై గంటలు. అడుగున, తల దగ్గరి తూముకి, చివర్న ఎనిమిది గంటలు. ఆమె పట్టికను తలకిందులుగా కొట్టింది.

"పై నుంచి ఎందుకు రాయలేదండీ?" అంది తబిత.

త్రిమూర్తులుకి ఆ ప్రశ్నే వింతగా ఉంది. "పైనుంచి రాస్తే కాలువ నా వెనకాల పడుద్ది కదండి."

పాతికేళ్ళుగా ఆ మనిషి రోజూ ఇక్కడ నిలబడి, ఇటే తిరిగి, ముందున్నదాన్ని ముందున్నట్టే రాసుకున్నాడు. ఆయన మొదటి వరుస మొదటి తూముదే. ఆమె మొదటి వరుసా మొదటి తూముదే. కిటికీ దగ్గర ఇద్దరూ నిజమే చెప్పుకున్నారు. ఆ రెండు నిజాల మధ్య మహాలక్ష్మమ్మ చేను బీటలు తీస్తోంది.

ఇప్పుడు చేయాల్సింది ఒకటే. నీళ్ళు ఇంకా మూడున్నర రోజులు వస్తాయి. ఒకటో తూము దించాలి. ఆ తూము కింద ఎక్కువ భూమి పల్లంరాజుది. ఆయన గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి ఇదంతా వింటూనే ఉన్నాడు.

"నమస్కారమండి టీచరుగారు" అన్నాడు. "కాయితంలో ఇవాళ కూడా నాకు ఆరు గంటలు ఉందండి."

"కాగితం తప్పండి రాజుగారు."

"అచ్చు కాయితమండి. కింద తవరి పేరు కూడా ఉంది."

"అందుకే చెబుతున్నానండి. తప్పు త్రిమూర్తులు గారిది కాదు, అబ్బులుది కాదు. నాది. ఆయన పుస్తకం ఎటు నుంచి చదవాలో నేను అడగలేదు. నా పేరు మీద మీకు వచ్చిన నీళ్ళు ఈవిడవి."

పల్లంరాజు గొడుగు ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "తవరి దగ్గర నేను లోయరు టైపు నేర్చుకున్నానండి. రెండుసార్లు తప్పాను" అన్నాడు.

"గుర్తుందండి. మీరు తప్పులు దిద్దుకోకుండా పేజీ తిప్పేసేవారు."

త్రిమూర్తులు నవ్వు ఆపుకోడానికి కాలువలోకి చూశాడు. పల్లంరాజు కూడా నవ్వాడు గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"ఒక్క మాట అడుగుతానండి" అంది తబిత. "ఎన్నేళ్ళ నుంచో వంతులు చూస్తున్నారు. ముందు తలకి నీళ్ళిచ్చారంటే మీకు వింతగా అనిపించలేదా?"

"అనిపించిందండి."

"మరి?"

ఆయన గొడుగు మూసి గట్టు మీద గుచ్చాడు. మహాలక్ష్మమ్మ ఆయన వైపు చూడకుండా తూము వైపే చూస్తోంది. ఆయనే అన్నాడు: "దింపెయ్యి త్రిమూర్తులూ. నా చేలో నీళ్ళు గట్టు దాటి మురుక్కాలవలోకి పోతున్నాయి ఎలాగూ. కాని నాకు కొత్త కాయితం కావాలి. రేపు ఇంకోడు వచ్చి నాది నాకివ్వమంటే చూపించడానికి."

తూము షట్టరు దిగేటప్పుడు వచ్చే ఆ కిర్రుమనే చప్పుడు మహాలక్ష్మమ్మ చెవులకి ఎలా ఉందో గాని, ఆవిడ అప్పుడు కూర్చుంది, గట్టు మీద, చతికిలబడి.

కొత్త కాగితం తబిత అక్కడే సైకిలు సీటు మీద పెట్టి చేత్తో రాసింది. రాసేముందు ఈసారి అడిగింది, ప్రతి గడికీ అడిగింది. ఒకటో తూము అని రాయలేదు, రాజుగారి తూము అని రాసింది. తాడిచెట్ల తూము. శివారు తూము. మొదటి రోజు అని రాయలేదు, శుక్రవారం అని రాసింది. త్రిమూర్తులు పక్కన నిలబడి చెప్పుకుపోతున్నాడు.

"ముందు తూమువారీగా రాసుకోండి. శివారుకి మొత్తం ముప్ఫై అయ్యిందా లేదా చూసుకుందాం. తర్వాత రోజువారీగా కూడండి. ఏ రోజూ ఇరవై నాలుగ్గంటలు దాటకూడదు."

తబిత కలం ఆగింది.

"ఏమన్నారు?"

"ఇరవై నాలుగు దాటకూడదండి. ఒకదాని తర్వాత ఒకటి కదా ఎత్తేది."

"అది కాదు. దానికి ముందు."

"తూమువారీ, రోజువారీ. వంతులవారీ అంటే అంతేగాండి. ఏంటండి, తప్పన్నానా?"

"లేదండి" అంది తబిత. "చెప్పండి, చెప్పండి."

శనివారం పొద్దున ఎనిమిదింటికి నీళ్ళు శివారు తూము దాటాయి. తబిత వెళ్ళి చూసింది. చేలోకి పోయే బోదెలో ఎండాకులూ పుల్లలూ నురగా ముందు వచ్చాయి, వాటిని తోసుకుంటూ ఎర్రటి నీళ్ళు వచ్చాయి, బీటల్లోకి గుటకలు వేసినట్టు దిగాయి. మహాలక్ష్మమ్మ పార పుచ్చుకుని గండి వెడల్పు చేస్తోంది. రెండెకరాలూ తడవలేదు. మెరక మూల ఒక పది సెంట్లు అప్పటికే కంకి లోపలే తెల్లబడిపోయింది. దానికి ఏ కాగితమూ ఏమీ చేయలేదు. మహాలక్ష్మమ్మ ఆ మూలని చేత్తో చూపించి, "అది పోయిందమ్మా" అని మళ్ళీ పార ఎత్తింది.

ఆ ఆదివారం పిచ్చుక మాటల జాబితా ఖరారు చేయాలి. గణేష్‌బాబు ఫోను చేశాడు.

"అడ్డువరుస, నిలువువరుస తీసెయ్" అంది తబిత.

"మేడం, గైడు అచ్చయిపోయింది. రెండు బడుల్లో చెప్పేస్తున్నారు."

"నేనే వెళ్ళి ఆ పేజీలు చింపి కొత్తవి అంటించి వస్తాను. అడ్డం, నిలువు అనేవి కాగితం సంగతులు బాబూ. కాగితం ఎటు పట్టుకున్నావో బట్టి మారిపోతాయి. లోపలున్నవాటి సంగతి అవి ఏమీ చెప్పవు."

"మరి ఏం పెడదాం? అక్షం వద్దన్నారు, పరిమాణం వద్దన్నారు."

"వారీ."

గణేష్‌బాబు ఆ మాటని ఒకసారి పైకి అని చూసుకున్నాడు. "అది సొంతంగా నిలబడే మాట కాదు మేడం. ఇంకోదానికి అతుక్కునే ముక్క."

"అదే నాకు కావాల్సింది. దాన్ని ఒంటరిగా నిలబడనివ్వకూడదు. ఏ వారీయో చెప్పి తీరాలి. తూమువారీనా, రోజువారీనా, క్లాసువారీనా. చెప్పకపోతే నీ పిచ్చుక ముందుకి కదలకూడదు. 'ఏ వారీ?' అని అడగాలి. అడ్డువరుస ఒంటరిగా నిలబడింది కాబట్టే పది సెంట్లు తాలైపోయాయి."

"ఈ పట్టికకి ఎన్ని వారీలు అని అడగచ్చంటారు."

"అడగచ్చు. గుడ్ల అట్టకి రెండు. వంతుల పట్టికకి రెండు, ఏళ్ళు కూడా కలిపితే మూడు. ఏ వారీలో ఎన్ని గడులు అన్నది వేరే ప్రశ్న. కలిసిపోవు."

గణేష్‌బాబు ఒప్పుకోడానికి ఇంకా అరగంట పట్టింది. చదువుకున్నవాడు కదా. "మరి ముగ్గురి మీద పరీక్షించారా?" అన్నాడు చివరికి, కొంచెం ఎత్తిపొడుపుగా.

"పరీక్షించాను. ఒక లస్కరు, ఒక కౌలు రైతు, ఒక లోయరు తప్పిన రాజుగారు. తూమువారీ మొత్తం ఎంత అని ముగ్గుర్నీ విడివిడిగా అడిగాను. ముగ్గురూ ఒకటే చెప్పారు. అందులో ఒకావిడకి చదువు రాదు."

ఇప్పుడు గైడులో పట్టికల పాఠానికి ఉదాహరణ మార్కుల జాబితా కాదు. ఆరు తూములు, ఆరు రోజులు. పాఠం మొదటి వాక్యం తబితే రాసింది: పట్టికను చదివే ముందు, అది రాసిన మనిషి ఎటు తిరిగి నిలబడ్డాడో అడగండి. పిల్లలకి ఆ వాక్యం వింతగా ఉంటుందని గణేష్‌బాబు అన్నాడు. ఉండనీ అంది.

పంట మాసూళ్ళయ్యాక మహాలక్ష్మమ్మ ఒకసారి మెట్లెక్కి వచ్చింది, ఈసారి కూర్చుంది. గింజ బాగానే పాలు పోసుకుంది, మెరక మూల తప్ప. ఆ మూల పది సెంట్లూ గైడులో ఎక్కడైనా రాశారా అని అడిగింది. రాశానండి, పద్నాలుగో పేజీలో, అంది తబిత. చదివి వినిపించమంది. తబిత చదివింది. ఆవిడ పేరుతో సహా, తబిత పేరుతో సహా, జరిగింది జరిగినట్టు ఉంది. మహాలక్ష్మమ్మ అంతా విని, "మెరక మూల అనండి. ఉత్త మూల అంటే ఎవరికి తెలుసుద్ది" అంది. తబిత పెన్ను తీసి అక్కడే దిద్దింది.

త్రిమూర్తులు తర్వాతి వంతు నుంచీ తన జేబు పుస్తకంలో వరుస వరుసకీ పక్కన తూము పేరు రాస్తున్నాడు. అయినా కాలువ తల మీద నిలబడి, నీళ్ళ వైపు తిరిగి, అడుగు నుంచే మొదలుపెడతాడు. పై నుంచి రాయమని తబిత అతన్ని ఏనాడూ అడగలేదు.